ఒక్క వైరుకు మూడు తోకలు

శ్రీకాకుళం

ఒరే నాన్నా,

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో 3 కంప్యూటర్లకు ఒకే మానిటరు, ఒకే కీబోర్డు, ఒకే మౌస్ పెట్టే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్ పెట్టెను టేబుల్ కింద బిగించడం ఎవరికైనా వస్తుంది. పని చెడేది వైర్ల దగ్గరే. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు కాబట్టి రాస్తున్నాను.

షాపుకెళ్లే ముందు స్విచ్ వెనకవైపు, 3 కంప్యూటర్ల వెనకవైపు ఫొటోలు తీసుకో. పాతదైతే మానిటరుకు బొమ్మ పంపే నీలం రంగు వీజీఏ పోర్టు, గుండ్రటి ఊదా రంగు కీబోర్డు పోర్టు, ఆకుపచ్చ మౌస్ పోర్టు ఉంటాయి. ఈ వీజీఏ, ఈ గుండ్రటి పోర్టులు 1987లో ఐబీఎం తెచ్చినవి, ఇంకా మన నెత్తినే ఉన్నాయి! కొత్తదైతే హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ.

ఇక అసలు సంగతి. నువ్వు ఒక్కో కంప్యూటర్‌కు కొనబోయే వైరుకు కంప్యూటర్ వైపు మూడు తోకలు, బొమ్మకొకటి, కీబోర్డుకొకటి, మౌస్‌కొకటి, స్విచ్ వైపు ఒక్కటే మూతి. ఆ మూతి చూడ్డానికి అచ్చం వీజీఏలాగే 15 పిన్నులతో ఉంటుంది. బొమ్మకు అక్కర్లేని పిన్నుల్లోంచి కీబోర్డు, మౌస్ తీగలు లాగుతారు. ఏ పిన్నులో ఏ తీగ అనేది ఆ కంపెనీ ఇష్టం. కొందరు మూతి ఆకారం కాస్త మార్చి వేరే వైరు దూరకుండా చేస్తారు, వాళ్లు నయం. చిక్కంతా దూరేవాటితోనే. ఒకసారి విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక ఆఫీసులో వైరు ఎక్కింది, స్క్రూలు బిగిశాయి, బొమ్మ అద్దంలా వచ్చింది. కీబోర్డు మాత్రం ఒక్క అక్షరం కొట్టలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా కీబోర్డులు మార్చాను, స్విచ్ పాడైందని ఆఫీసాయనతో వాదించాను. తీరా చూస్తే తప్పు నాదే, చవగ్గా దొరికిందని వేరే కంపెనీ వైరు కొన్నాను. స్విచ్ మోడల్ నంబరు చెప్పి దానికి సరిపడే వైరే అడుగు.

మూడింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే ఈ గొడవే వద్దు. మామూలు హెచ్‌డీఎంఐ, మామూలు యూఎస్‌బీ వైర్లతో నడిచే స్విచ్ కొనిపించు. రేపు ఒకటి తెగినా పలాస బజార్లోనే దొరుకుతుంది.

పొడవు ఎక్కువైతే వీజీఏ అక్షరాల పక్కన నీడలు పడతాయి. ఒకే టేబుల్ కాబట్టి 1.8 మీటర్లు చాలు. యూఎస్‌బీ 2 వైరును 5 మీటర్లు దాటించకు.

వైరు పెట్టేటప్పుడు ఇనుప మూతి తగిలి చెయ్యి జిల్లుమంటే అక్కడే ఆగు. ఎర్త్ లేదని అర్థం. స్విచ్ పెట్టాక మూడు కంప్యూటర్ల ఇనుప డబ్బాలూ వైర్ల ద్వారా ఒకటైపోతాయి, ఒకదాని రోగం మిగతావాటికీ పాకుతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించు, అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటివ్వు. ఫ్యాక్టరీ ఓనరు తొందరపెట్టినా సరే, ఇది మాత్రం వదలకు.

గుండ్రటి పోర్టుల్లో కంప్యూటర్ ఆన్‌లో ఉండగా వైరు పీకడం, పెట్టడం చెయ్యకు. మదర్‌బోర్డులో పోర్టు పోవచ్చు. ఆన్ చేసేటప్పుడు ముందు మానిటరు, తర్వాత స్విచ్, ఆ తర్వాతే కంప్యూటర్లు, ఒక్కొక్కటిగా. లేకపోతే కొన్ని కంప్యూటర్లు మానిటరును గుర్తుపట్టక బొమ్మను చిన్న సైజులో చూపిస్తాయి. చాలా స్విచ్‌లు స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే మారతాయి. చిన్న కీబోర్డుల్లో ఆ మీట ఉండదు, చూసి కొను.

ప్రతి వైరుకూ రెండు చివర్లా పేరు రాసి అంటించు. బిల్లింగ్, తూకం, అకౌంట్లు, అలా. పనయ్యాక స్విచ్ వెనక ఫొటో పంపు. వైర్లు వేలాడుతూ కనిపించాయో, నేనే పలాస బస్సెక్కుతాను.

నీ మావయ్య