రిపోర్టులో దట్, దోజ్ ఎక్కడ వాడాలంటే

చిన్నీ,

పరవాడ నుంచి నువ్వు పంపిన రిపోర్ట్ చదివాను. లెక్కలకు వంక పెట్టడానికి లేదు గానీ రెండో పేజీలో టెంపరేచర్ అన్న మాట ఒక్క పేరాలోనే ఎన్నిసార్లు వచ్చిందో నువ్వే చూసుకో. 'ది టెంపరేచర్ ఆఫ్ ది సెకండ్ రూమ్ వాజ్ హయ్యర్ దేన్ ది టెంపరేచర్ ఆఫ్ ది ఫస్ట్ రూమ్' అన్నావు. గ్రామర్ ప్రకారం తప్పేం లేదు, చదివేవాళ్లకే విసుగు. రెండోసారి వచ్చిన 'ది టెంపరేచర్' కొట్టేసి 'దట్' పెట్టు, 'దేన్ దట్ ఆఫ్ ది ఫస్ట్ రూమ్' అవుతుంది. రీడింగ్స్ లాంటి బహువచనమైతే 'దోజ్': 'ది నైట్ రీడింగ్స్ వర్ లోయర్ దేన్ దోజ్ ఫ్రమ్ ది డే షిఫ్ట్'. హ్యుమిడిటీ లాగా లెక్కపెట్టలేని వాటికీ దట్ చాలు. ఇలాంటి చోట 'దిస్ ఆఫ్', 'దీజ్ ఆఫ్' మాత్రం రాయకు, ఆ వస్తువు నీ బల్ల మీదే ఉన్నా సరే.

అసలు గొడవ ఇది కాదు. రిపీట్ చేయకూడదని చెప్పగానే చాలామంది ఆ మాటను మొత్తానికే ఎగరగొట్టేస్తారు. 'వింటర్స్ ఇన్ అరకు ఆర్ కోల్డర్ దేన్ వైజాగ్' అంటే అరకు చలికాలాన్ని తీసుకెళ్లి వైజాగ్ ఊరితో పోల్చినట్టు, 'దేన్ దోజ్ ఇన్ వైజాగ్' అనాలి. గంగవరం పోర్ట్ లోతు గురించి రాసినా అంతే, లోతును లోతుతోనే పోల్చాలి గానీ విశాఖ పోర్టుతో కాదు. నోటిమాటగా చెల్లిపోతుంది, ఎవరూ పట్టించుకోరు, కానీ బ్యాంకు పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్ కింద అడిగేది ఇలాంటివే, మీ తమ్ముడికి కూడా చెప్పు. 'మై శాలరీ ఈజ్ లెస్ దేన్ మై బ్రదర్స్' అన్నప్పుడు అపాస్ట్రఫీ ఎస్ ఉంది కాబట్టి దట్ అక్కర్లేదు.

మనుషుల విషయంలో 'దోజ్ హూ వర్క్ ఎట్ నైట్' బాగుంటుంది, ఒక్కరి గురించైతే 'దట్ హూ' అనకు, 'ది పర్సన్ హూ' అను.

ఇంకోటి, నాకు బాగా చిరాకు తెప్పించేది, వాక్యం మొదట్లో ఒంటరిగా కూర్చునే 'దిస్'. మూడో పేజీలో పంప్ ఆగిపోయింది, అలారం మోగలేదు అని రాసి, వెంటనే 'దిస్ కాజ్డ్ ఏ డిలే' అన్నావు. ఏది? పంప్ ఆగడమా, అలారం మోగకపోవడమా? రేపు ఆడిట్‌కి వచ్చినాయన అడిగేదీ అదే. పంప్ అయితే 'దిస్ స్టాపేజ్', అలారం అయితే 'దిస్ అలారం ఫెయిల్యూర్' అని పక్కన ఒక పేరు తగిలించు. దట్ అయినా దోజ్ అయినా వేలు ఒక్కదాన్నే చూపించాలి, చదివేవాడు వెనక్కెళ్లి వెతుక్కోవాల్సి వస్తే ఆ సర్వనామం తీసేసి పేరే మళ్లీ రాసేయ్, విసుగైనా నయం.

అందుకే టేబుల్ కింద నోట్ జోలికి వెళ్లకు. అక్కడ బ్యాచ్ నంబర్, మెషిన్ నంబర్ ప్రతిసారీ పూర్తిగా ఉండాల్సిందే, దట్ బ్యాచ్ అంటే ఒప్పుకోరు. రెండో పేజీ, మూడో పేజీ దిద్ది ఆదివారంలోగా పంపు, మళ్లీ చూస్తాను.

మావయ్య