ఇండియా హాయా, జర్మనీ హాయా? ముందు మెట్లు ఎవరు ఊడుస్తారో చెప్పండి

"విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు నిజాయితీగా చెప్పండి, ఇండియాలో జీవితం హాయా, అక్కడి జీవితం హాయా?" అని అడిగారు. దీనికి అందరూ జీతాలు, రోడ్లు, గాలి, ట్రాఫిక్ అంటూ లెక్కలు చెబుతారు. నా లెక్క వేరు. మీరుండే చోట మెట్లు ఎవరు ఊడుస్తారు? అది తెలిస్తే ఆ దేశం సగం అర్థమైనట్టే. నవ్వుకుంటే నవ్వుకోండి, పదకొండేళ్ల అనుభవంతో చెబుతున్నా.

మాది తెనాలి. 2014 డిసెంబరులో ఉద్యోగం మీద జర్మనీ వచ్చాను. స్టుట్‌గార్ట్ పక్కన నెకర్ నది ఒడ్డున ఎస్లింగెన్ అని పాత ఊరు, అక్కడే ఉంటాం. మా బిల్డింగులో ఆరు వాటాలు, లిఫ్టు లేదు. పై అంతస్తులో ఒక వాటా మాది. ఎదురు వాటాలో అప్పటికే డెబ్బై దాటిన ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు ఆవిణ్ణి మామ్మగారు అనే అంటాం.

జనవరిలో నా భార్య కూడా వచ్చింది. ఆ తర్వాత వారమో పది రోజులో అయ్యాక, ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా తలుపు పిడికి చిన్న చెక్కబోర్డు వేలాడుతోంది. దాని మీద జర్మన్‌లో ఒకే ఒక్క మాట. అప్పటికి నాకొచ్చిన జర్మన్ నమస్కారం, థాంక్స్ వరకే. ఎవరో పొరపాటున మాకు తగిలించారనుకుని తీసి ఎదురు తలుపుకు పెట్టాను. తెల్లారి చూస్తే మళ్లీ మా తలుపుకే ఉంది. "ఏ పండగ అలంకారమో, ఉండనివ్వండి, బాగానే ఉందిగా" అంది నా భార్య. పరాయి వస్తువు మనకెందుకని మళ్లీ ఆవిడ తలుపుకే పెట్టాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఇలా మూడుసార్లు జరిగింది. శనివారం పొద్దున పదింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే మామ్మగారు. ఒక చేతిలో బోర్డు, ఇంకో చేతిలో నీళ్ల బకెట్టు.

బోర్డు మీదున్న మాట 'కేర్‌వోఖ'. తెలుగులో చెప్పాలంటే ఊడ్పు వారం. బోర్డు ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టాల్సింది వాళ్లే. జర్మనీ అంతా ఇలా ఉండదు, ఇది స్టుట్‌గార్ట్ చుట్టూ ఉండే ఈ ష్వాబియన్ల ప్రాంతం ప్రత్యేకత. 1492లో, అంటే కొలంబస్ ఓడెక్కిన ఏడాదే, ఇక్కడి పాలకుడు ఎబర్‌హార్డ్ ఎవరి చెత్త వాళ్లు వారం వారం బయటికి తీసుకెళ్లి పారేయాలని స్టుట్‌గార్ట్ నగర శాసనంలో రాయించాడు. అక్కడి నుంచే ఇది మొదలైందని చెబుతారు. 1988లో స్టుట్‌గార్ట్ నగరపాలక సంస్థ తన నిబంధనల్లోంచి ఊడ్పు వారాన్ని తీసేసింది. అయితే ఏం, అద్దె ఒప్పందాల్లోకి వెళ్లి కూర్చుంది. నేను సంతకం పెట్టిన పదిహేను పేజీల్లో అదీ ఉంది. చదివిందెవరు?

ఇందులో మళ్లీ చిన్న వారం, పెద్ద వారం. చిన్నదంటే మన అంతస్తు మెట్లు, ఎదురింటివాళ్లూ మనమూ వంతులు. పెద్దదంటే వాకిలి, ఇంటి ముందు కాలిబాట, కింద సెల్లారు, చెత్త డబ్బాలు, ఆరు వాటాలకూ వంతులు. మంచు పడే రోజుల్లో పెద్ద వారం వచ్చిందా, చచ్చామే. పని దినాల్లో ఉదయం ఏడుకల్లా కాలిబాట మీద మంచు తీసేసి, కాలు జారకుండా రాతి నూక చల్లాలి. ఎవరైనా జారి కాలు విరగ్గొట్టుకుంటే ఆ బాధ్యత మన మెడకే చుట్టుకుంటుంది.

సరే, ఆ శనివారం సంగతికొస్తాను. మామ్మగారు నాకు మెట్లు ఊడవడం నేర్పింది. అతిశయోక్తి కాదు, నిజంగానే నేర్పింది. పై మెట్టు నుంచి కిందికి రావాలట. మూలల్లో చీపురు నిలువుగా పెట్టాలట. కమ్మీల మధ్య గుడ్డ పోనిచ్చి తుడవాలట. నేను గుడ్డ పిండిన తీరు చూసి నా చేతిలోంచి లాక్కుని, మెలిపెట్టి ఒక్కసారి తిప్పింది, అరగ్లాసు నీళ్లు కారాయి. అంతా అయ్యాక కమ్మీ మీద వేలు రాసి, ఆ వేలిని కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంది. ఇంజనీరింగ్ వైవాలో కూడా నాకంత టెన్షన్ పడలేదు.

ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నేను చీపురు పట్టుకోవడం అదే మొదటిసారి. తెనాలిలో మా వాకిలి పొద్దున ఐదింటికల్లా ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గేసి ఉండేది. అది ఎలా జరుగుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. సూర్యుడు రావడంలాగే అదీ జరిగిపోతుందనుకున్నాను. అమ్మో పనిమనిషో చేసేవాళ్లు. పనిమనిషి రాని రోజు అమ్మకు చిరాకుగా ఉండేది, నాకు ఆ తేడా కూడా తెలిసేది కాదు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో చెబితే అమ్మకు కళ్లనీళ్లొచ్చాయి. "ఇంత చదివిస్తే అక్కడ మెట్లు తుడుస్తున్నావా నాన్నా" అంది. ఒక నిమిషం ఆగి, "గుడ్డ పిండటం వచ్చా నీకు?" అని అడిగింది. రాదని మామ్మగారు తేల్చేసిందని చెప్పాను. ఆ ముసలావిడ మీద అమ్మకు గౌరవం మొదలైంది అప్పుడే.

అందుకే మనవాళ్లు సెలవులకు ఊరెళ్లి "అక్కడ ఎంత శుభ్రమో, ఇక్కడేంటీ కంపు" అని ముక్కు మూసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడి శుభ్రం గాల్లోంచి ఊడిపడలేదు. బకెట్టు పట్టుకుని వంగితే వచ్చింది. అదే మనిషి ఊళ్లో నెల రోజులుండి, తాగిన కాఫీ గ్లాసు సింకు దాకా తీసుకెళ్లడు. నేనూ తీసుకెళ్లలేదు, ఒప్పుకుంటున్నా.

జీతం సంగతీ చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. యూరో వంద రూపాయలు దాటింది కదా అని మా బాబాయి నా జీతాన్ని వందతో గుణించి ఊరంతా చెబుతాడు. పన్నులూ, ఆరోగ్య బీమా, పింఛనూ కలిపి మూడో వంతు పైనే చేతికి రాకముందే పోతుందంటే నమ్మడు. ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుం కట్టాలంటే అసలు నమ్మడు. ఇక జర్మనీ అంటే టైముకు రైళ్లు అనే భ్రమ ఎవరు పుట్టించారో! 2024లో దూరప్రాంతపు రైళ్లలో 62.5 శాతమే టైముకు వచ్చాయి. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద లెక్కపెట్టకుండా. స్టుట్‌గార్ట్‌లో కొత్త స్టేషన్ పనులు నేను రాకముందు 2010లో మొదలయ్యాయి. 2019కి అయిపోతుందన్నారు. మా అబ్బాయి పుట్టాడు, బడికి పోతున్నాడు, స్టేషన్ మాత్రం ఇంకా తయారవుతూనే ఉంది. తెనాలి జంక్షన్‌లో బండి లేటైతే కనీసం పక్కన కూర్చున్నాయన ఏ ఊరని అడుగుతాడు, పల్లీలు పెడతాడు. ఇక్కడ లేటైనా అందరూ ఫోన్లలోకే చూస్తారు.

తేడా నాకు బాగా తెలిసింది ఆసుపత్రిలో. ఒక రాత్రి కిడ్నీలో రాయి కదిలి నేలమీద దొర్లాను. 112కు ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. మూడు రోజులు ఉంచారు. నేను కట్టింది అంబులెన్సుకు పది యూరోలు, ఆసుపత్రికి రోజుకు పది చొప్పున ముప్పై. మిగతాదంతా బీమాయే చూసుకుంది. కౌంటరు దగ్గర ముందు డబ్బు కట్టమని ఎవరూ అనలేదు. కానీ ఆ మూడు రోజుల్లో నా భార్యా, చంటి పిల్లాడూ తప్ప మనిషన్నవాడు రాలేదు. రాత్రి భోజనం కింద చల్లటి బ్రెడ్డు ముక్కలు, చీజు. నొప్పి కంటే ఆ బ్రెడ్డుకే ఎక్కువ ఏడుపొచ్చింది. ఇంటికొచ్చేసరికి తలుపు మీద మామ్మగారి చీటీ. "ఈ వారం మీ మెట్లు నేను ఊడ్చాను. వచ్చే రెండు వారాలు మీవి. త్వరగా కోలుకోవాలి." ఆవిడ ప్రేమ కూడా లెక్క తప్పదు.

2022లో తెనాలిలో మా నాన్న తెల్లవారుజామున బావి గట్టు దగ్గర పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. నాకు ఫోన్ వచ్చేసరికే పక్కింటి అన్నయ్య ఆయన్ని కారులో గుంటూరు తీసుకెళ్లిపోయాడు. ఎదురింటి పిన్ని అమ్మకు తోడు వెళ్లింది. వీధి చివర మెడికల్ షాపాయన ఆసుపత్రిలో తెలిసినవాళ్లకు చెప్పి పెట్టాడు. నేను విమానం దిగేసరికి ఆపరేషన్ కూడా అయిపోయింది. అయితే దానికి ముందు ఆ ప్రైవేటు ఆసుపత్రిలో లక్షన్నర కడితేగాని లోపలికి తీసుకోమన్నారట. ఆ డబ్బు కట్టింది కూడా పక్కింటి అన్నయ్యే. తిరిగి ఇవ్వబోతే "ఎప్పుడైనా ఇద్దువుగానిలే" అన్నాడు. బలవంతంగా జేబులో పెట్టాల్సి వచ్చింది. ఆయన మా నాన్నను చూసుకున్నాడు. ఆయన అమ్మానాన్నలకు నేనేం చేశాను? ఆ అప్పు ఏ బోర్డు మీదా రాసి ఉండదు, అందుకే తీరదు.

నాన్నకు నడక కుదిరాక 2023 వేసవిలో ఇద్దరూ మా దగ్గరికొచ్చారు. వీసా తొంభై రోజులు. అమ్మ పెట్టెలో ఆవకాయ, కారప్పొడి, వాటితో పాటు కొబ్బరి ఈనెల చీపురు. "అక్కడ మంచి చీపుళ్లు దొరకవన్నావుగా" అంది. ఎప్పుడన్నానో నాకు గుర్తు లేదు. ఇక్కడికీ అక్కడికీ వేసవిలో మూడున్నర గంటలు తేడా. అమ్మ తెనాలి టైముకే లేచేది, అంటే ఇక్కడ రాత్రి ఒకటిన్నరకు. ఐదింటి దాకా ఓపిక పట్టి, మెట్ల మీద సర్రు సర్రున మొదలుపెట్టేది. ఉదయం ఆరు దాకా బిల్డింగులో చప్పుడు చేయకూడదని చెబితే "చీపురు చప్పుడు కూడా చప్పుడేనా?" అని ఆశ్చర్యపోయింది. సరే, ఆరు తర్వాతే ఊడ్చేది. రోజూ. మా వారమా, ఎవరి వారమా అన్న పట్టింపు లేదు. మామ్మగారి వంతు వచ్చినా ఆవిడ కంటే ముందే లేచి తుడిచేసేది. "పెద్దావిడ, మోకాళ్లు పట్టుకుని దిగుతోంది, నేను చేస్తే ఏం పోయింది?" అనేది. మన వీధిలోనైతే ఈ పనికి సాయంత్రం గిన్నె నిండా పాయసం వచ్చేది.

మామ్మగారి వారాలు రెండు అలా పోయాక ఒకరోజు బెల్లు మోగింది. ఆవిడ ముఖం ఎర్రగా ఉంది. "మీ అమ్మగారు నా వారం ఊడ్చేస్తున్నారు" అంది. సాయం చేయాలనే అని నేను సర్దిచెప్పబోయాను. "నేను చేయలేకపోతున్నానని కింద వాళ్లంతా అనుకుంటున్నారు. నా కొడుకు చెవిన పడిందా, వృద్ధాశ్రమం అని మళ్లీ మొదలుపెడతాడు. ఆ బోర్డు నా తలుపుకు వచ్చినంత కాలమే నేనీ ఇంట్లో ఉంటాను" అంది.

ఇది తెలుగులో చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అమ్మ విని ఏమీ అనలేదు. కాసేపయ్యాక లేచి, హాల్లో మేకుకు తగిలించిన బోర్డు తీసుకెళ్లి (అక్కడెందుకుందని అడగొద్దు, ఎవరికీ దొరక్కుండా దాచింది) ఎదురు తలుపుకు తగిలించి వచ్చింది. ఆ శనివారం మామ్మగారు మెట్లు తుడుస్తుంటే అమ్మ మా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. చివరి మెట్టు దగ్గర మామ్మగారు గుడ్డ పిండితే, "చూశావా, అదీ పిండటమంటే" అని అమ్మ నా వైపు తిరిగి అంది.

ఇప్పటికీ వారం వారం ఫోన్‌లో అమ్మ నేను తిన్నానా లేదా అని అడగడానికి ముందే "బోర్డు ఎవరింటి దగ్గరుంది?" అని అడుగుతుంది. ఎదురింటి దగ్గరుందంటే "ఊఁ" అని తృప్తిగా అంటుంది. మా దగ్గరుందంటే చేశావా లేదా అని నిలదీస్తుంది. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేదని తెలుసు. ఇవాళ శనివారం, బోర్డు మా దగ్గరే ఉంది, గంట నుంచి ఇది రాస్తూ కూర్చున్నాను. ఆదివారం ఊడిస్తే మామ్మగారు ఊరుకోదు. ఉంటాను.