షీప్ కలెక్టివ్ ఎందుకు కాదు?

"ఎ ఫ్లాక్ ఆఫ్ షీప్ క్రాస్డ్ ది రోడ్ నియర్ అనంతపూర్" అనే వాక్యంలో మీ పాప షీప్‌ని కలెక్టివ్ నౌన్ (గుంపుని చెప్పే పేరు) అని రాసిందంటే, చాలా గొర్రెలున్నాయి కాబట్టి అదే గుంపు అనుకుని ఉంటుంది. తప్పు అక్కడే.

1. అనంతపూర్ ఒక్క ఊరి సొంత పేరు: ప్రాపర్. రోడ్ ఏ రోడ్డైనా కావచ్చు: కామన్.

2. అందరూ వదిలేసేది ఇదే. మాట ముందు 'ఒక' పెట్టించండి. ఒక షీప్ అంటే ఒక్క గొర్రె. ఒక ఫ్లాక్ అంటే మంద ఒక్కటే, గొర్రెలు ఎన్నో. 'ఒక' అన్నాక కూడా ఆ మాటే గుంపుని చెబితే కలెక్టివ్. షీప్‌కి బహువచనంలోనూ ఎస్ చేరదు, పాప తడబడిందంటే ఆశ్చర్యం లేదు. ఇదే లెక్కన ప్లేయర్స్ కామన్, టీమ్ కలెక్టివ్.

నిజానికి కలెక్టివ్ కూడా కామన్‌లో ఒక రకమే. పరీక్షలో ప్రాపర్, కామన్, కలెక్టివ్ మూడూ విడిగా అడిగితే మాత్రం కలెక్టివ్ అనే రాయాలి.

3. క్యాపిటల్ లెటర్ ఒక్కటే చూసి ప్రాపర్ అనుకోవద్దు, వాక్యం మొదట్లో ఏ మాటకైనా అది వస్తుంది. ఫోర్ట్ కామన్. కర్నూలులోని కొండారెడ్డి ఫోర్ట్ మాత్రం ప్రాపర్.

ఈ రాత్రికి ఆర్మీ, సోల్జర్స్, కడప, సిటీ ఇచ్చి చేయించి చూడండి.