ఆవిడ చెప్పేది వినండి

ప్రశ్న: నా వయసు 41. అకౌంట్స్‌లో ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే టెన్షన్. రోజులో చిన్న చిన్న సంతోషాలు వెతుక్కోమంటారు, నాకైతే ఏమీ కనబడవు. మొన్న జూనియర్ కుర్రాడు వచ్చి ‘సార్, మీరు చెప్పినట్టు చేస్తే లెక్క తేలింది’ అని సంబరపడ్డాడు, అది వేరే సంగతి. మా ఆవిడ టీచర్. ఎవరో పిల్లాడు తన పేరు తనే రాసుకున్నాడని నిన్న పావుగంట చెప్పింది. నాకు వినే ఓపిక ఉండదు, ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడతాను. ధ్యానం, డైరీ లాంటివేమైనా సూచిస్తారా?

జవాబు: ధ్యానం, డైరీ మంచివే, ఇష్టమైతే మొదలుపెట్టండి. నాకు గుచ్చుకున్నది మాత్రం ఆ ‘ఊఁ’.

మీ ఆవిడా రోజంతా పనిచేసి అలసిపోయే వస్తున్నారు. అయినా ఆ పిల్లాడి ముచ్చట మీకు చెప్పాలని దాచుకుని తెస్తున్నారు. ఎన్నాళ్లు తెస్తారు? చెప్పి చెప్పి విసుగొచ్చి మానేసిన భార్యల ఉత్తరాలు నాకు బోలెడు వస్తాయి.

షెల్లీ గేబుల్ అనే మనస్తత్వవేత్త తన బృందంతో కలిసి 2004లో ఈ విషయంపైనే పరిశోధన ప్రచురించారు. జరిగిన మంచిని ఎవరికైనా చెప్పుకున్న రోజున, ఆ మంచి వల్ల కలిగిన దానికన్నా ఎక్కువ సంతోషం కనిపించింది. భాగస్వామి ఉత్సాహంగా వినే జంటల్లో తృప్తి ఎక్కువ. కొట్టిపారేసే చోటే కాదు, ముక్తసరిగా ‘మంచిదే’ అని ఊరుకునే చోట కూడా తృప్తి తక్కువే.

భార్యకు జ్వరమొస్తే సెలవు పెట్టి కూర్చునే మగవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమె సంతోషంగా ఉన్నప్పుడు పక్కన కూర్చునేవాళ్లే తక్కువ. అదీ భర్త బాధ్యతే, అందులో నాకు రెండో మాట లేదు.

ఇక ఆ కుర్రాడి మాట. వేరే సంగతి అని ఎందుకు తోసేశారు? మీరు వెతుకుతున్నది అదే కదా! ఆవిడ ముచ్చట్లను తీసిపారేసినట్టే మీకు దక్కిన మంచిమాటనూ తీసిపారేశారు. ఇంట్లో ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉండరు.

ఈ రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఆ పిల్లాడు ఏ అక్షరం దగ్గర తడబడేవాడో, రాశాక ఏమన్నాడో అడగండి. తర్వాత మీ లెక్క తేలిన కబురూ చెప్పండి. మొదట్లో ఆవిడ అనుమానంగా చూస్తే నొచ్చుకోకుండా, మర్నాడు కూడా అడగండి.