మీటరు కోసం చెప్పకుండా లోపలికి రావచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఆఫీసులో ఉండగా విద్యుత్ సిబ్బంది గేటు గొళ్ళెం తీసి లోపలికి వచ్చి, మీటరు సీలు మార్చి వెళ్ళారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న మా అత్తగారు హడలిపోయారు. ఇది చట్టసమ్మతమేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ అనుమతి అక్కరలేదు గానీ, ఇంట్లో ఉన్నవారికి తెలియజేయడం తప్పనిసరి. 2003 విద్యుత్ చట్టం 163వ సెక్షన్ ప్రకారం, సరఫరా సంస్థ అధికారమిచ్చిన వ్యక్తి, తగిన వేళలో, ఆ ఇంట్లో ఉంటున్నవారికి చెప్పి, తమ మీటర్లను, లైన్లను తనిఖీ చేయడానికో బాగుచేయడానికో లోపలికి రావచ్చు. మీ ఇంటి వైరింగును పరీక్షించాలంటే మాత్రం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ప్రత్యేక ఉత్తర్వు, కనీసం 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు ఉండాలి. పెద్దావిడకు ఒక్క మాటైనా చెప్పకపోవడం ముమ్మాటికీ తప్పే. అయినా ఇకముందు సిబ్బందిని అడ్డగించకండి. నిరాకరిస్తే, నోటీసిచ్చిన 24 గంటల తరువాత సరఫరా ఆపే అధికారం వారికుంది. కొత్త సీలు నంబరు, రీడింగు ఫొటో తీసి, విద్యుత్ సంస్థ సబ్‌డివిజన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి.