ఇల్లు అత్తగారి పేరున ఉంటే?

ప్రశ్న: మేడమ్, భర్త కొడుతుంటే మా చెల్లి పాపతో పుట్టింటికొచ్చేసింది. ఇల్లు అత్తగారిది, నీకు హక్కు లేదంటున్నారు. నాన్నేమో సర్దుకుపొమ్మంటున్నారు.
– ఓ అక్క, నల్గొండ

జవాబు: కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరున ఉన్నా, అందులో ఉంటానని 2005 గృహహింస చట్టం కింద అడగొచ్చు. అత్తమామల ఇళ్లకూ ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, లేదా హింసకు గురైన మహిళలకు సాయపడే జిల్లా సఖి కేంద్రానికి వెళ్లండి. లాయరు ఖర్చని టెన్షన్ వద్దు, మహిళలకు న్యాయసాయం ఉచితం. నగలు, సర్టిఫికెట్లు ఇప్పించమనీ అడగొచ్చు. దెబ్బల ఫొటోలు, ఆసుపత్రి చీటీలు జాగ్రత్త. తనకి నిద్ర పట్టకపోతే సఖి కౌన్సెలర్‌కి చెప్పండి, ‘ఇంకా ఏడుపేనా’ అనకండి. కూరలో ఉప్పు తగ్గితే సర్దుకుంటాం, దెబ్బలకి కాదు. నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి.