ఆటగాడి జవాబులు: పాత తుపాకీ, కొత్త టీవీ, మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: అటక సర్దుతుంటే నా చిన్నప్పటి క్యాసెట్ వీడియో గేము దొరికింది. కొత్త ఎల్‌ఈడీ టీవీకి కలిపితే కాంట్రా, మారియో చక్కగా ఆడుతున్నాయి గానీ, బాతులను కాల్చే ఆటలో తుపాకీ మాత్రం పని చేయడం లేదు. ఎంత దగ్గరి నుంచి కాల్చినా ఒక్క బాతూ పడదు. తుపాకీ పాడైందంటారా? బాగు చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తుపాకీ బహుశా నిక్షేపంగానే ఉంది. మారిపోయింది టీవీ. ఆ తుపాకీ నుంచి ఏదో కిరణం బయలుదేరి తెరను తాకుతుందని చిన్నప్పుడు మనలో చాలామందిమి నమ్మేవాళ్లం. నిజానికి జరిగేది తలకిందులు. దాని గొట్టంలో ఉన్నది వెలుగును పసిగట్టే ఒక చిన్న కన్ను మాత్రమే. మీరు ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరనంతటినీ రెప్పపాటు నల్లగా చేసి, ఆ వెంటనే బాతు ఉన్న చోట ఒక తెల్లని చదరాన్ని చూపిస్తుంది. తుపాకీలోని కంటికి మొదట చీకటి, ఆ తరువాత వెలుగు, ఈ వరుసలో కనిపిస్తేనే బాతు పడుతుంది. తెర మీద రెండు బాతులుంటే చదరాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి దెబ్బ దేనికి తగిలిందో కూడా ఆటకు తెలిసిపోతుంది. ట్యూబ్‌లైటు వైపు గురిపెట్టి సులువుగా గెలుద్దామనుకున్న పిల్లలందరూ ఎందుకు భంగపడ్డారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నల్లతెర వేళ కూడా వెలుగు కనిపిస్తే ఆట దాన్ని గురి తప్పినట్టే లెక్కగడుతుంది. 1984లో జపాన్ కంపెనీ నింటెండో వారు డక్ హంట్ అనే ఈ బాతుల ఆటకు చేసిన ఈ ఏర్పాటు కన్నా తక్కువ సరంజామాతో ఎక్కువ పని చేసిన తెలివిని నేను ఆటలలో అరుదుగా చూశాను.

చిక్కేమిటంటే, ఇదంతా పాత పిక్చర్ ట్యూబు టీవీని నమ్ముకుని చేసిన ఏర్పాటు. ఆ టీవీలో ఒక ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి గీత తరువాత గీతగా, సెకనుకు సుమారు 15,600 గీతల చొప్పున బొమ్మను గీస్తుంది. నింటెండో వారి అసలు తుపాకీలోని సర్క్యూట్ ఆ వేగంతో మిణుకుమనే వెలుగును మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఎల్‌ఈడీ తెర అలా మిణుకుమనదు. మన బజార్లలో అమ్మిన నకలు యంత్రాలలో ఆ సర్క్యూట్ ఉన్నా లేకపోయినా రెండో చిక్కు తప్పదు. పాత టీవీ సిగ్నల్ అందిన క్షణంలోనే బొమ్మను గీసేస్తుంది. కొత్త టీవీ ఆ బొమ్మను ముందు తన దగ్గర నిలుపుకొని, పెద్ద తెరకు సరిపడా సాగదీసి, మెరుగులు దిద్ది అప్పుడు చూపిస్తుంది. తెల్లచదరం తెర మీదికి వచ్చేసరికి ఆట తన పరీక్ష ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది.

కాబట్టి సెట్టింగులలో ఎంత వెతికినా దీనికి మందు లేదు. బాతుల మీద అంత మమకారం ఉంటే పాత సామాన్ల దుకాణంలో వెనక బొజ్జ ఉన్న టీవీ ఒకటి వెతకండి. దొరికితే మాత్రం దాన్ని మీరుగా విప్పకండి. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయాలి.

ప్రశ్న: ప్లేస్టేషన్ 5 కోసం టీవీ కొందామని షోరూముకు వెళితే, ఒకాయన 120 హెర్ట్జ్ లేనిదే దండగ అన్నారు, మరొకాయన వేరొక టీవీ చూపించి దీని మోషన్ రేటు 240 అన్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా ఆ 240ని పక్కన పెట్టండి. అలాంటి అంకెలు చాలావరకు కంపెనీలు తమ సొంత లెక్కలతో పెట్టుకున్న పేర్లు. తెర నిజంగా సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో అవి చెప్పవు. ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు ఎంత అని అడిగి, దాన్ని కంపెనీ వెబ్‌సైటులోని వివరాల పట్టికలో సరిచూసుకోండి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో బొమ్మ దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 120 హెర్ట్జ్ మీద 8.3 మిల్లీసెకన్లు. తేడా నిజమే, కంటికి తెలుస్తుంది కూడా. అయితే ఆ ఆటే సెకనుకు 120 బొమ్మలు ఇవ్వగలిగితేనే దాని ఫలితం పూర్తిగా దక్కుతుంది. కథ నడిపే పెద్ద ఆటలలో అనేకం 30 దగ్గరో 60 దగ్గరో ఆగిపోతాయి.

షోరూములో ఎవరూ చెప్పని విషయం ఇన్‌పుట్ ల్యాగ్, అంటే మీరు మీట నొక్కిన తరువాత తెర మీద కదలిక రావడానికి టీవీ తన వంతుగా కలిపే ఆలస్యం. పై ఉత్తరంలో తుపాకీని ఓడించింది ఇదే. సినిమాలు నున్నగా కనిపించడానికి టీవీ రెండు బొమ్మల నడుమ మరొకటి తానే కల్పించి దూరుస్తుంది. అలా చేయాలంటే రాబోయే బొమ్మ కోసం ఆగాలి, ఆ ఆగడమే మీ చేతికి బరువుగా తోస్తుంది. గేమ్ మోడ్ పెడితే ఈ హంగులన్నీ ఆగిపోతాయి. నా మటుకు నాకు, గేమ్ మోడ్‌లో చురుకుగా స్పందించే 60 హెర్ట్జ్ టీవీయే మందకొడి 120 కన్నా మేలు. పోటీ ఆటలు ఆడే ఉద్దేశం, అందుకు తగిన బడ్జెట్ రెండూ ఉంటే 120 హెర్ట్జ్ ప్యానెల్‌తో పాటు, కన్సోలును కలిపే కేబుల్‌కు హెచ్‌డీఎంఐ 2.1 రకం పోర్టు ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న: ఫోనును ఛార్జింగులో పెట్టి ఆట ఆడితే బ్యాటరీ పేలుతుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మంచి ఛార్జరు, ఉబ్బని బ్యాటరీ ఉంటే అంత భయం అక్కరలేదు. కానీ బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. దానికి శత్రువు వేడి, ఆట ఒక వేడి, ఛార్జింగు మరో వేడి. వెనక తొడుగు తీసి, పరుపు మీద కాక బల్ల మీద పెట్టుకుని ఆడండి.

ప్రశ్న: మా ఇంటి ఫైబర్ నెట్ వేగం 200 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్టు చేస్తే అంతా వస్తోంది. అయినా రాత్రి తొమ్మిదింటి వేళ మ్యాచిలో పింగ్ పెరిగిపోయి, నేను కాల్చక ముందే చచ్చిపోతున్నాను. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ప్లాన్ పెంచుకోమంటున్నారు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పెంచకండి. 200 ఎంబీపీఎస్ అన్నది లారీ ఒక్కసారికి ఎంత సరుకు మోస్తుందో చెప్పే లెక్క. ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చెప్పే లెక్క పింగ్. ఆట పంపే సరుకు చాలా తక్కువ, దానికి కావలసింది తొందర. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న సర్వరుకు పోయి రావడానికే కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. సర్వరు ముంబైలో ఉందా, సింగపూరులో ఉందా అన్నదే మొదట చూడవలసింది. ఆట సెట్టింగులలో దగ్గరి సర్వరు ఎంచుకునే వీలుంటే అది చేయండి. ఆ దూరాన్ని ఏ ప్లానూ తగ్గించలేదు.

అయితే మీ ఇబ్బంది రాత్రి వేళే ఎక్కువగా ఉందంటే తప్పు ఇంట్లోనే ఉండే అవకాశం బలంగా ఉంది. ఆ సమయంలో ఇంటిల్లిపాదీ నెట్ మీదే ఉంటారు, ఇరుగుపొరుగు వైఫైలన్నీ మోగుతుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం పోతుంది గానీ అక్కడ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే కానీ గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. ఈ రెండింటి గొడవా లేకుండా రౌటరు నుంచి కన్సోలుకో కంప్యూటరుకో నేరుగా కేబుల్ వేయండి. ఆటగాడికి అంత తక్కువ ఖర్చుతో అంత మేలు చేసే వస్తువు మరొకటి లేదు. ఇంకొకటి గమనించండి: ఇంట్లో ఎవరి ఫోనైనా ఆ రోజు తీసిన పెళ్లి ఫొటోలన్నీ క్లౌడుకు ఎక్కిస్తూ ఉంటే అప్‌లోడు దారి నిండిపోయి, మీ ఆట పంపే చిన్న కబురు వాటి వెనక వరుసలో నిలబడుతుంది. కాసేపు ఆ బ్యాకప్ ఆపించి చూస్తే తెలిసిపోతుంది. కేబుల్ వేసి, బ్యాకప్ ఆపి చూసినా తేడా రాకపోతే అప్పుడు కంపెనీ వారిని నిలదీయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రోజూ రాత్రి ఫోనులో బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడతాడు. భోజనానికి పిలిస్తే "ఒక్క నిమిషం" అంటూ అరగంట చేస్తాడు. ఫోను లాక్కుంటే ఇల్లు రణరంగమే. పైగా ఏవో స్కిన్లకు డబ్బులంటాడు. ఇది వ్యసనమంటారా?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ఆ అరగంట మాట వెనక ఒక సాంకేతిక కారణం ఉంది. ఆ ఆటలోని ఎరాంగెల్ అనే మ్యాపులో వందమంది దిగే ఒక మ్యాచి చివరిదాకా సాగితే ఇంచుమించు అరగంట పడుతుంది, దాన్ని మధ్యలో ఆపే మీట లేదు. నడుమ వదిలేస్తే తనతో కలిసి ఆడుతున్న ముగ్గురు స్నేహితులకూ నష్టమే. "ఆపు" అని మీరు మ్యాచి మధ్యలో అంటారు, అతను తప్పించుకోలేని చోట ఇరుక్కుంటాడు. అందుకని గడియారం ప్రకారం కాక మ్యాచిల లెక్కన ఒప్పందం చేసుకోండి. భోజనానికి ముందు ఇన్ని మ్యాచిలు, ఎనిమిదిన్నర తరువాత కొత్తది మొదలు పెట్టకూడదు అని. ఆటలు తెలిసిన పిల్లవాడికి ఇది న్యాయంగా తోస్తుంది, తప్పితే తప్పు ఎవరిదో తనకే తెలుస్తుంది.

వ్యసనం అనే మాటను మాత్రం తొందరపడి వాడవద్దు. గేమింగ్ రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమలులో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటి కన్నా అదే ముఖ్యమైపోవడం, చెడు జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగి చదువునూ సంబంధాలనూ దెబ్బతీస్తేనే ఆ పేరు పెడతారు. నిద్ర, కాలేజీ, స్నేహాలు సవ్యంగా ఉంటే అది గట్టి అభిరుచి అంతే. అవి చెడుతున్నాయని మీకు అనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

స్కిన్ల విషయంలో నేను పూర్తిగా మీ పక్షమే. అవి కేవలం వేషాలు. వాటిలో చాలా వాటిని నేరుగా అమ్మకుండా, డబ్బు కట్టి పెట్టె తెరిస్తే అదృష్టం కొద్దీ వచ్చేలా పెట్టారు. ఈ ధోరణి నాకు ఆటలా కనిపించదు. మీ కార్డునూ యూపీఐనీ అతని ఫోనుతో కలిపి ఉంచకండి. కొనివ్వాలనుకుంటే పుట్టినరోజుకు ఇంత అని చెప్పి మీరే కొనివ్వండి. డబ్బు పందెం కాసే యాప్‌లు మాత్రం వేరే జాతి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అలాంటిది ఫోనులో కనిపిస్తే బేరసారాలు పెట్టుకోకుండా తీసేయించండి.

ప్రశ్న: డిస్కులు కొనడం మంచిదా, డౌన్‌లోడా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డిస్కు. ఆడటం అయిపోయాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వవచ్చు. డౌన్‌లోడు కొన్నప్పుడు మీకు దక్కేది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 నుంచి ఈ సంగతిని అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పాలని చట్టం చేసింది. దుకాణం మూసేస్తే కొత్తగా కొనే దారీ మూసుకుంటుంది: 2023 మార్చిలో నింటెండో వారి 3డీఎస్ అనే చేతి గేము యంత్రపు ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌కు అదే జరిగింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత ఆటలలో 87 శాతం నేడు సక్రమ మార్గంలో కొనడానికే దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది.

డిస్కు ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోకండి. యూబీసాఫ్ట్ వారి ది క్రూ అనే కార్ల ఆటకు సర్వరు తప్పనిసరి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేయగానే, డిస్కు కొన్నవారి చేతిలో కూడా ప్లాస్టిక్ బిళ్లే మిగిలింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా సర్వరును తప్పనిసరి చేయడం కొన్నవారిని మోసగించడమేనని నా అభిప్రాయం. కొనే ముందు, నెట్ లేకుండా ఆట తెరుచుకుంటుందా అని ఒక్క మాట విచారించండి. కంప్యూటరు మీద ఆడేవారైతే జీఓజీ అనే దుకాణంలో కొన్న ఆటలను తాళం లేని ఇన్‌స్టాలర్‌గా దించుకుని హార్డ్‌డిస్కులో దాచుకోవచ్చు.

ప్రశ్న: మేము నలుగురం బీటెక్ విద్యార్థులం, తెలుగులో ఒక చిన్న ఆట తయారు చేస్తున్నాం. ఆటలో తెలుగు అక్షరాలు విడిపోయి, వత్తులు పక్కకు వచ్చేస్తున్నాయి. అదే వాక్యం ఫోనులో సరిగ్గానే కనిపిస్తోంది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఫోనులో అక్షరాలను కూర్చే పని ఆపరేటింగ్ సిస్టం చేస్తుంది. ఆట ఇంజన్లు, అంటే ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్లు, చాలావరకు ఆ పనిని తామే చేసుకుంటాయి, అదీ ఒక గుర్తుకు ఒక బొమ్మ అనే ఇంగ్లిషు లెక్కతో. "స్త్రీ" కంప్యూటరు లెక్కలో ఆరు గుర్తులు. వాటిని చూసి ఒకే రూపంగా పేర్చే షేపింగ్ ఇంజన్ లేకపోతే మీరు చెప్పినట్టే చెల్లాచెదురవుతాయి. పెద్ద కంపెనీలకూ ఇది చిన్న పని కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" నడుమ కనిపించని ఒక గుర్తు చేరిన రూపం సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. దాన్ని సరిదిద్దడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయవలసి వచ్చింది.

మీ ఆట ఇంకా తొలి దశలోనే ఉంటే గోడో 4కు మారండి. 2023లో వచ్చిన ఆ ఉచిత ఇంజన్‌లో ఈ షేపింగ్ లోపలే ఉంది. మారడం కుదరకపోతే, సంభాషణలు తక్కువే కాబట్టి వాటిని ముందే బొమ్మలుగా తయారు చేసి పెట్టుకోండి. మొరటు పద్ధతే అయినా పని జరుగుతుంది. ఫాంటుకు నోటో శాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది, ఆటలో కలిపి పంచడానికి దాని లైసెన్సు అడ్డు చెప్పదు. పరీక్షించేటప్పుడు "అమ్మ", "ఆవు" రాసి సరిపెట్టుకోకుండా "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" రాసి చూడండి. సంభాషణల డబ్బా ఎత్తు మాత్రం ఇంగ్లిషు వాక్యంతో కొలవకండి, వత్తుల కింది భాగం తెగిపోతుంది.